చివరగా వచ్చే రేణువు

పన్నెండేళ్ళపాటు కనబడని మనిషిని పోయినవాడి కిందే జమకట్టి, దర్భలతోనో పిండితోనో బొమ్మ చేసి, ఆ బొమ్మకు నిప్పు పెట్టి కర్మ చేయవచ్చునని పెద్దలు చెబుతారు. ఆ మాట చెప్పడానికే జంగం సోమలింగంగారు ఆదివారం పొద్దున్నే గండిరేవులో సరంగు తాతారావు ఇంటికి వచ్చారు. వచ్చారు గాని నోరు పెగల్లేదు. తాతారావు భార్య భ్రమరాంబ ఇచ్చిన కాఫీ తాగారు. చూరుకు వేలాడుతున్న పాత వలను చూశారు. "ఈ ఏడు మామిడికాయ బాగా కాసిందమ్మా" అన్నారు.

"మామిడికాయకేంగాని, ఏ నెల్లో పెట్టుకోమంటారో చెప్పండయ్యగారూ," అంది భ్రమరాంబ. "మీరు వీధి మలుపు తిరుగుతుంటేనే నాకు తెలిసిపోయింది."

సోమలింగంగారి భుజాలు కిందికి దిగాయి. "భాద్రపదంలో పెట్టుకుంటే పితృపక్షం కలిసొస్తుంది. నీ ఇష్టమేననుకో. బలవంతమేం లేదు."

తాతారావు చెల్లెలు ప్రభావతి గుమ్మానికి ఆనుకుని కూర్చుని వింటోంది. ఆమె రాజమండ్రిలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఆదివారాలు వదిన దగ్గరికి వస్తుంది. తల్లీతండ్రీ లేని ఆమెను చదివించింది అన్న. అన్న పోయాక కూడా ఆ చదువు ఆగకుండా చూసింది వదిన.

'అన్న పోయాక' అనే మాటను ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆ ఏడు వరదలో, కొండల నడుమ సుడిలో చిక్కి తాతారావు నడిపే లాంచీ మునిగింది. కొందరు ఒడ్డెక్కారు. కొందరి శవాలు దొరికాయి. తాతారావు ఒడ్డెక్కనూ లేదు, దొరకనూ లేదు. ఒడ్డెక్కిన వారిలో ఒక చింతపండు వ్యాపారి మాత్రం, "సరంగు అవతలి గట్టుకేసి ఈదుతుంటే నా కళ్ళతో చూశాను" అన్నాడు. తరవాత ఎవరు ఎన్నిసార్లు అడిగినా అదే మాట చెప్పాడు. చెప్పి చెప్పి అతను పోయాడు గాని, ఆ మాట పోలేదు. అది ఈ ఇంట్లోనే ఉండిపోయింది.

దానివల్ల భ్రమరాంబ బొట్టు తీయలేదు. పూలు మాత్రం పెట్టుకోవడం మానేసింది. పేరంటానికి ఆమెను పిలవాలో వద్దో ఊళ్ళో ఆడవాళ్ళకు తెలిసేది కాదు. పిలిస్తే వెళ్ళేది కాదు. పిలవకపోతే, "నా మొగుడు చచ్చాడని వీళ్ళకెవరు చెప్పారు?" అని వీధిలో నిలబడి అడిగేది.

"కర్మ చేయడానికి నాకేం అడ్డం లేదు," అంది ఇప్పుడు. "రేపు ఆయన గుమ్మంలోకి వచ్చి, బతికున్నోడికి పిండం పెట్టావేంటే అంటే ఏం చెప్పాలి? అదొక్కటీ తేలితే చాలు." ఆడపడుచు వైపు తిరిగింది. "అమ్మాయ్, నీ గొట్టం ఉంది కదా. ముందు దాన్నడుగు."

"గొట్టమేంటమ్మా?" అన్నారు సోమలింగంగారు.

ప్రభావతి కాస్త మొహమాటపడింది. ఆ గొట్టం గురించి పెద్దపెద్ద సభల్లో మాట్లాడింది గాని, సొంత వసారాలో ఎప్పుడూ మాట్లాడలేదు.

"వెంట్రుక కంటే సన్నని గాజు గొట్టమండి. చాలా పొడుగు. దారపుండలాగా చుట్టి ఉంటుంది. ఒక చివర నుంచి బురదనీళ్ళు పంపితే, రెండో చివర నుంచి అందులోని రేణువులు వరసగా వస్తాయి. పెద్దవి ముందు, చిన్నవి వెనక."

"అదేం? చిన్నదానికి కదా తేలిగ్గా పోయే వీలు?"

సమాధానం భ్రమరాంబ చెప్పింది. "గోదాట్లో చూడలేదా అయ్యగారూ? గట్టు వారన నీరు నెమ్మది, నడిమిన వడి. లాంచీ గట్టు దగ్గరికి రావడం కుదరదు, దాని ఒళ్ళే అంత. నడి ఏట్లోనే పోవాలి, కాబట్టి ముందు పోతుంది. చిన్న దోనె గట్టు వారన తారాడుకుంటూ చివరికి వస్తుంది. అంతేగా అమ్మాయ్?"

"అంతే," అంది ప్రభావతి. ఆమె సభల్లో చూపించే బొమ్మలన్నిటికంటే అది నయంగా ఉంది.

మిగతాది ఆమే చెప్పింది. ఏటిలో దిగిన ప్రతి ప్రాణీ చర్మపు పొట్టో, ఇంకేదో వదులుతుంది. అది ఒండ్రు రేణువుకు అంటుకుని ఉండిపోతుంది. ఏడాదికో వరద వచ్చి ఆ రేణువును చిదుపుతుంది. నిన్న స్నానం చేసినవాడి ఆనవాలు పెద్ద రేణువు మీద ఉంటుంది. ఏళ్ళ కిందట మునిగినవాడిది కంటికీ భూతద్దానికీ అందని నలుసు మీద ఉంటుంది. కాబట్టి గొట్టంలోంచి ఎవరి ఆనవాలు ఎప్పుడు బయటికి వస్తుందో చూస్తే, ఆ మనిషి ఏటిలో ఎప్పుడు దిగాడో తెలుస్తుంది. ఏ ఏడు ఏ గేదె ఎక్కడ కొట్టుకుపోయిందో రైతులను అడిగి, ఆ చోట్ల నీళ్ళు తెచ్చి సరిచూశారు. గేదెల విషయంలో గొట్టం తప్పు చెప్పలేదు. మనిషి విషయంలో ఇంతవరకు అడగలేదు.

సోమలింగంగారు ఖాళీ కాఫీ గ్లాసు కింద పెట్టారు. "గంగలో కలిసినదాన్ని మళ్ళీ విడదీసి చూడొచ్చునా అమ్మా?"

"మేమేం విడదీయమండి. వరసలో నిలబెడతాం, అంతే."

"ఏమో మరి. యముడు చేసే పని కూడా అదేనంటారు," అని ఆయన లేచి కండువా దులుపుకున్నారు.

*

ఆషాఢంలో ఎర్రనీరు వచ్చింది. పైన కొండల్లో అడుగు మట్టిని కలియబెట్టుకుని వచ్చే మొదటి వరదనీరే ఈ పనికి మంచిది. ప్రభావతి మూతి ఇరుకు సీసాలు రెండు పట్టుకుని గండిరేవు వచ్చింది. మెట్లు పాచిపట్టి ఉన్నాయి, ప్రవాహం వడిగా ఉంది. ఆ సీసాలతో నీళ్ళు ముంచడం కుదిరే పని కాదు. భ్రమరాంబ ఇంట్లోంచి ఇత్తడి బిందె తెచ్చి, ఒక చేత్తో మెట్ల పక్క ఇనుపకడ్డీ పట్టుకుని, ముందు పుడిసెడు నీళ్ళు తల మీద చల్లుకుని దండం పెట్టి, అప్పుడు బిందె ముంచింది. ప్రభావతి సీసాలు పట్టుకుంది. వదిన వంచి పోసింది.

ట్రంకుపెట్టెలోంచి తాతారావు గడ్డం గీసుకునే కత్తిని కూడా తీసి ఇచ్చింది. దాని మీద మిగిలిన ఆనవాలుతోనే నీళ్ళలోని ఆనవాలును పోల్చాలి.

"జాగ్రత్త. పదునుంటుంది," అంది. తుప్పు పట్టిన కత్తికి పదునేమిటని ప్రభావతి అనలేదు.

ప్రయోగశాలలో ఆమెకు తోడు ఇస్మాయిల్ అనే కుర్రశాస్త్రజ్ఞుడు. మాటకారి. గొట్టానికి 'హాజీ మస్తాన్ వీధి' అని పేరు పెట్టాడు, లావుపాటివాళ్ళు గోడకు రాసుకోకుండా నడవాల్సిన సందు తమ ఊళ్ళో అదేనట. పంపు నడుస్తుంటే గొట్టం రెండో కొస నుంచి బొట్టు బొట్టుగా నీరు చిన్న చిన్న సీసాల్లోకి పడుతుంది. ఒక్కో సీసాను పరీక్షకు పెడతారు. ఎక్కడ తాతారావు ఆనవాలు ఉంటే అక్కడ తెర మీద ఒక గీత లేస్తుంది.

ప్రభావతి చివరి సీసాల కోసం సిద్ధపడి కూర్చుంది. పన్నెండేళ్ళ నాటి నలుసు రావలసింది అక్కడే. మనసులో ఇష్టదైవాన్ని తలుచుకోబోయి, ఏమని కోరుకోవాలో తెలియక ఊరుకుంది. బతికి ఉండాలని కోరుకుంటే, ఇన్నేళ్ళు ఎందుకు రాలేదన్న ప్రశ్న. పోయి ఉండాలని ఎవరు కోరుకుంటారు?

గీత మొదట్లోనే లేచింది.

ఇస్మాయిల్ తెర దగ్గరికి జరిగాడు. "మేడమ్... ఇది కొత్త ఆనవాలు. నెలా, నెలన్నర. అంతకు మించి ఉండదు."

ప్రభావతి కత్తి మీది ఆనవాలుతో మళ్ళీ పోల్చి చూసింది. ఆనవాలు అన్నదే, పొరపాటు లేదు. పైన ఎక్కడో, ఈ మధ్యనే, ఆయన గోదావరిలో మునిగి లేచాడు.

"ఇంకొకటి మేడమ్. చివర్న ఏమీ లేదు. సన్న రేణువులే రాలేదు. ఎర్రనీటిలో సన్నవి లేకపోవడమేంటి?"

"కొత్త వరద కదా, ముతకగానే ఉంటుంది," అంది ప్రభావతి. ఇంకే రోజైనా ఆ మాట మరొకరు అంటే ఆమె ఒప్పుకునేది కాదు.

*

కబురు విని భ్రమరాంబ ముందు దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి దీపం వెలిగించింది. తరవాత జంగంగారికి కబురు పెట్టింది, కర్మ లేదని. ఆ తరవాత గోడలకు సున్నం వేయించింది. పూలమ్మే మనిషిని ఆపి ఒక మూర తీసుకుంది. మంచానికి కొత్త నవారు అల్లించింది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. "మీ గొట్టం చల్లగుండాలమ్మా" అని ఒక ముసలమ్మ ప్రభావతి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమె కొడుకు పట్నం పోయి తిరిగి రాలేదు. పట్నంలో ఏరు లేదని ఆమెకు ఎలా చెప్పాలో ప్రభావతికి తెలియలేదు.

ఆ వారమే భ్రమరాంబ తాతారావు ఫోటో పట్టుకుని లాంచీ ఎక్కింది. కొండల్లోకి వెళ్ళే కొద్దీ ఒక్కో రేవు దగ్గరా దిగి అడిగింది. ఆశ్రమాల్లో అడిగింది. రెండోసారి వెళ్ళినప్పుడు ప్రభావతి కూడా తోడు వెళ్ళింది.

ఒక ఆశ్రమంలో వంటచేసే పెద్దావిడ ఫోటోను వెలుగులోకి పట్టి చూసి తిరిగి ఇచ్చేసింది. "ఎన్నేళ్ళయింది తల్లీ?"

"పన్నెండు."

"మతిపోయినోడైతే ఎవరో ఒకరు చెప్పేవారు. మతి ఉన్నోడైతే వాడే వచ్చేవాడు. ఏటికి అవతల ఇంకో పొయ్యి ఉండుంటుంది. మగాళ్ళకేం."

తిరుగు ప్రయాణంలో భ్రమరాంబ లాంచీ అంచున కూర్చుంది. లాంచీ ఇద్దరు ముగ్గురు మనుషులను ఎక్కించుకుని, దింపుకుని సాగుతోంది. అవతలి గట్టు మీద ఇళ్ళు, ఆరేసిన బట్టలు, పొయ్యిల పొగ. ప్రతి పొగనూ ఆమె చూస్తోంది. అన్ని పొగల్లో ఏదో ఒకటి ఆయనదే అన్నట్టు.

గండిరేవు దగ్గర దిగాక అంది. "అమ్మాయ్, ఆ చింతపండు కోమటి నిజమే చెప్పాడు. ఆ గట్టుకు ఈదాడు. ఈ గట్టుకు ఈదలేకా? ఈ గట్టున నేనున్నాననే."

ఆ తరవాత ఇల్లు మారిపోయింది. ట్రంకుపెట్టెలోని తాతారావు చొక్కాలు పడవవాళ్ళకు పంచేసింది. కొత్త నవారు అల్లిన మంచం పక్కింటి వాళ్ళకు ఇచ్చేసింది. పన్నెండేళ్ళుగా కార్తీకంలో ఆయన పేరున ఏటిలో వదిలే దీపం ఇక వదలనని చెప్పింది. "చచ్చినోడికైతే దీపం. బతికుండి రానోడికెందుకు? వాడింటో దీపాలు లేవా?" బొట్టు మాత్రం ఉంచుకుంది. కాని దాన్ని అద్దంలో చూడకుండా, తడుముకుంటూ పెట్టుకునేది.

ఇన్నాళ్ళూ ఆమె ఎదురుచూడటం ప్రభావతి చూసింది. అందులో దుఃఖం ఉండేది గాని అవమానం లేదు. తన గొట్టం ఈ ఇంటికి తెచ్చి ఇచ్చింది ఆ అవమానాన్నే. నిజం తెలుసుకోవడం మంచిదని చిన్నప్పటి నుంచి ఆమె నమ్మకం. భగవంతుడు కొన్నిటిని కంటికి అందనంత చిన్నవిగా చేసి ఉంచాడంటే, దానికేమైనా కారణం ఉండి ఉంటుందా అని మొదటిసారి అనిపించింది. అనిపించాక, అది శాస్త్రం చదివినవాళ్ళు అనుకోవలసిన మాట కాదని తోసేసింది. అది మళ్ళీ వచ్చింది.

*

మొదటే చేయవలసిన పని ఒకటి ఇస్మాయిల్ ఆలస్యంగా చేశాడు. అదే లాంచీలో పోయిన ఒక పంతులమ్మ శవం అప్పట్లో దొరికింది. దహనం చేశారు. ఆమె భర్తను అడిగి ఆమె దువ్వెన తెచ్చాడు. గండిరేవు నీళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉంటే, వాటితోనే గొట్టాన్ని మరోసారి నడిపి, ఈసారి ఆమె ఆనవాలు వెతికాడు.

ప్రభావతి వచ్చేసరికి చేతులు కట్టుకుని తెర ముందు నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు.

"మేడమ్, ఈవిడ కూడా నెల కిందట గోదావరి స్నానం చేసింది."

ప్రభావతి తెర వైపు వంగి చూసింది. గీత మొదట్లోనే లేచి ఉంది.

"ఈ నీళ్ళను అడిగితే పోయినవాళ్ళందరూ బతికే ఉన్నారంటాయి," అన్నాడు ఇస్మాయిల్. "సన్న రేణువులు ఎక్కడికీ పోలేదు మేడమ్. ఒకదానికొకటి అంటుకుని ముద్దలయ్యాయి. ముద్ద పెద్దది కాబట్టి ముందు వచ్చేసింది. ఎందుకు అంటుకున్నాయో నాకు తెలియడం లేదు. సీసాలు నేనే కడిగాను."

ఎందుకు అంటుకున్నాయో ప్రభావతికి ఆ ఆదివారం తెలిసింది. గండిరేవులో ఎండన పడి వచ్చి మంచినీళ్ళు అడిగింది. భ్రమరాంబ అప్పుడే ఏటి నుంచి తెచ్చిన నీళ్ళు పోయబోతూ, ఖాళీ బిందె లోపలి వైపు ఇండుపగింజతో గుండ్రంగా నాలుగు రుద్దులు రుద్దింది. అడవి నుంచి కోయదొరలు తెచ్చి అమ్మే గింజ అది. బురదనీటిలో పడితే మట్టిని ముద్ద కట్టించి అడుగుకు దింపుతుంది. పైన తేటనీరు నిలుస్తుంది. ఏటి ఒడ్డున ఏ ఇంట్లోనైనా అంతే. అన్నం వండేముందు బియ్యం కడగడం ఎలాగో, నీళ్ళు పట్టేముందు బిందెలో గింజ రుద్దడం అలాగ. చేసే చేతికి తెలియదు, చూసే కంటికి కనబడదు. ప్రభావతి పుట్టినప్పటి నుంచి ఆ బిందె నీళ్ళే తాగింది. ఎర్రనీరు ముంచిన రోజు సీసాలు పట్టుకుని ఆ బిందె పక్కనే నిలబడింది కూడా.

"తాగవేం?" అంది భ్రమరాంబ.

ప్రభావతి తాగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఏమీ చెప్పలేదు. ఇంకోసారి చూడకుండా ఏమని చెబుతుంది?

శ్రావణం చివర మరో వరద వచ్చింది. ఈసారి ఊరి రేవుకు వెళ్ళలేదు. ఇస్మాయిల్, ఆమె పడవ మాట్లాడుకుని పైకి వెళ్ళి, తాడు కట్టిన గాజు జాడీని నేరుగా ఏటిలోకి వదిలి తీసుకున్నారు. నీళ్ళు చిక్కటి టీ లాగా ఉన్నాయి.

గొట్టం నడిచింది. మొదటి సీసాల్లో ఏమీ లేదు. మధ్య సీసాల్లో ఏమీ లేదు. ఇస్మాయిల్ కాఫీ తెచ్చి పెట్టాడు, అది చల్లారింది. రేణువులు గోడ వారన తారాడుతూ, ఒక్కొక్కటే వస్తున్నాయి. పంపు ఆపవలసిన వేళకు, ఆఖరి సీసాకు ముందు సీసాలో గీత లేచింది. పొట్టి గీత. పంతులమ్మ గీత కూడా అక్కడే లేచింది.

"ఆ ఏడే, మేడమ్," అన్నాడు ఇస్మాయిల్ మెల్లగా.

ఆ సీసాలో కంటికి కనబడేది ఏమీ లేదు. అడుగున నాలుగు బొట్ల నీరు, మంచినీళ్ళంత తేటగా.

*

భ్రమరాంబ పెరట్లో కూర్చుని బొమ్మిడాయి చేపలను బూడిదతో తోముతోంది. ప్రభావతి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో వచ్చేటప్పుడు బస్సులో అనుకుంది గాని, ఆ వరస ఇప్పుడు గుర్తు రాలేదు.

"వదినా, గొట్టం తప్పు చెప్పింది."

భ్రమరాంబ చేయి ఆగలేదు. "ఏం తప్పు?"

"అన్న లేడు. ఆ వరదలోనే పోయాడు."

"మొన్న ఉన్నాడంది. ఇయ్యాల లేడంటోంది. రేపేమంటదో. ముద్దాయి మాటలాగుంది మీ గొట్టం." బొమ్మిడాయిని తిప్పి రెండో వైపు తోమింది. "నేనేది నమ్మాలి? మొదటిది అబద్ధమని, రెండోది నిజమని ఎవరు చెప్పారు?"

"బిందెలో గింజ రుద్దావు వదినా. ఆ నీళ్ళు అందులోంచే పోశాం."

అప్పుడు చేయి ఆగింది. భ్రమరాంబ ఆ సంగతిని లోపల ఒకసారి తిప్పి చూసుకుంది. సరంగు పెళ్ళాం. నీళ్ళ సంగతి ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

"సన్ననిదంతా ముద్దకట్టిందా?"

"ఊఁ."

"లాంచీలాగ ముందు వచ్చేసిందా?"

"ఊఁ."

"ఈసారి బిందె ముట్టలేదా?"

"లేదు. పైనుంచి జాడీతో తెచ్చాం. ఇంకొకావిడ... పంతులమ్మ, శవం దొరికింది కదా, ఆవిడా ఆయనా ఒక్కచోటే వచ్చారు. చివర్న."

కాకి ఒకటి పెరటి గోడ మీద వాలింది. చేపల కోసం వచ్చినదాన్ని భ్రమరాంబ చూసింది గాని అదిలించలేదు.

"అంటే అవతలి గట్టుకు చేరలేదా?"

"లేదు వదినా."

"ఇంకో పొయ్యీ గియ్యీ ఏమీ లేదా?"

"లేదు."

"అయితే నన్నొదిలి ఎల్లలేదన్నమాట," అంది భ్రమరాంబ.

ఆ మాట అన్నాక బూడిద చేతులనే ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పన్నెండేళ్ళలో ప్రభావతి ఆమె అంతగా ఏడవడం చూడలేదు. తన భర్త పోయాడని విన్న ఆడమనిషి ఏడుపులో ఇంత ఊరట ఉండగలదని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. కాకి దిగి ఒక చేపను ఎత్తుకుపోయింది.

కాసేపటికి భ్రమరాంబ కొంగుతో ముఖం తుడుచుకుంది. నుదుట బొట్టు బూడిదలో కలిసిపోయింది. మళ్ళీ పెట్టుకోబోలేదు. "ఈ నెలన్నర తిట్టని తిట్టు తిట్టలేదే అమ్మాయ్ ఆయన్ని. నడి ఏట్లో ఉన్నోణ్ణి పట్టుకుని రంకు కట్టాను," అంది. లేచి కాళ్ళు కడుక్కుని, మంచం వెనక్కి అడగడానికి పక్కింటికి వెళ్ళింది.

*

సోమలింగంగారు పితృపక్షంలో రోజు చూశారు. ముందురోజు పొద్దున ప్రభావతి చెప్పిన సంగతి విని ఆయన చిక్కులో పడ్డారు.

"మనిషి ఆనవాలు దొరక్కపోతే బొమ్మ. ఇక్కడ దొరికింది. దొరికింది నీటిబొట్టులో. నీటిబొట్టును దహనం చేయడం నేను చూడలేదు, మా నాన్న చూడలేదు." కాసేపు మాలలోని రుద్రాక్షలు తడుముకున్నారు. "పోనీ, ఆ నీళ్ళతో పిండి తడిపి బొమ్మ చేద్దాం. తప్పయితే నాది."

ఇస్మాయిల్‌కు ఇది బొత్తిగా నచ్చలేదు. ఆ సీసా ఒక్కటే వాళ్ళ దగ్గరున్న రుజువు. మిగతా నీరంతా పరీక్షల్లో ఖర్చయింది. వరద తగ్గిపోయింది, ఏరు తేటపడింది. మళ్ళీ ఎర్రనీరు రావాలంటే వచ్చే ఏడు. బయటివాళ్ళు వచ్చి చూపించమంటే ఏం చూపిస్తారు? మొదటిసారి చెప్పిన తప్పు మాత్రం ఊరందరికీ తెలుసు.

"మేడమ్, ఈ గొట్టం కోసం మీరు ఎన్నేళ్ళు..." అని, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. తరవాత ఇంకో మాట అన్నాడు. "అయినా అది మీ అన్నగారి నీళ్ళు అనడానికి లేదు మేడమ్. గొట్టం మనుషుల్ని విడదీయదు, రేణువుల్ని వరస పెడుతుంది. ఆ ఏడు గోదావరిలో పోయిన వాళ్ళందరి రేణువులూ అదే కొలత. అందరూ అదే బొట్టులో ఉంటారు."

అది నిజం. నిజం కాబట్టి ప్రభావతి దాన్ని దాచలేకపోయింది. ఒకసారి తప్పు చెప్పిన మనిషి రెండోసారి సగం చెప్పకూడదు.

మర్నాడు రేవు దగ్గర, ఇసుకలో నీళ్ళు చల్లి ముగ్గు వేసిన చోట, సోమలింగంగారు పళ్ళెంలో బియ్యప్పిండి పోసి కూర్చున్నారు. ఇస్మాయిల్ కూడా వచ్చాడు. సీసాను జేబురుమాలులో చుట్టి జేబులో పెట్టుకుని తెచ్చింది అతనే. చెప్పులు విప్పి దూరంగా నిలబడబోతే, "దగ్గరికి రా నాయనా, తెచ్చినోడివి నువ్వే కదా" అని సోమలింగంగారు పిలిచారు.

ప్రభావతి సీసా మూత తీయకముందే వదినకు చెప్పింది. "వదినా, ఇందులో అన్న ఒక్కడే లేడు. ఆ లాంచీలో పోయినవాళ్ళంతా ఉంటారు. ఆ ఏడు ఏటిలో పోయిన ఇంకెవరెవరో కూడా. వాళ్ళను వేరు చేయడం నా చేతకాదు."

భ్రమరాంబ సీసాను చేతిలోకి తీసుకుని ఎండకేసి పట్టి చూసింది. సోమలింగంగారు కూడా అనుమానంగా తల ఎత్తారు. "అయితే ఎవరి పేరు చెప్పాలమ్మా? పేరు తెలియనివాళ్ళకు నేను కర్మ ఎలా చేయించను?"

"ఆయన పేరే చెప్పండి అయ్యగారూ," అంది భ్రమరాంబ. "సరంగు. ఎక్కించుకున్నోళ్ళను మధ్యలో దింపేసి తనొక్కడూ గట్టెక్కే మనిషి కాదు. ఆయన్ని పంపితే మిగతావాళ్ళు ఆయనతోనే పోతారు."

సోమలింగంగారు పళ్ళెంలోని పిండిని చూశారు. వేళ్ళతో కొలిచినట్టు అటూ ఇటూ అని, "అయితే ఇది చాలదమ్మా. ఇంకో గిన్నెడు పిండి పట్రా," అన్నారు.

భ్రమరాంబ సీసాను ఆడపడుచు చేతిలో పెట్టి, పిండి తేవడానికి ఇంటికేసి నడిచింది.